నాలుగు బోల్టులు, పన్నెండు పుల్లలు

కడియం,
జూన్ 20.

మహారాజశ్రీ లోకనాథ్ మెకానిక్ గారి సముఖానికి,

కడియంలోని సమస్త పూలమొక్కలకూ, పండ్లమొక్కలకూ, పేరేంటో తెలియకపోయినా అందంగా ఉన్నాయని కొనుక్కుపోయే మొక్కలకూ, వాటిని మోసే లారీలకూ, ఆ లారీల నీడన పడుకునే కుక్కలకూ నర్సరీ బంగార్రాజు అనే నేను వేయించు చాటింపు: నేటి నుంచి నా మోటారు సైకిలు హ్యాండిలును నేనే మార్చుకుంటాను. ఏ షాపు గుమ్మమూ తొక్కను. దీని మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే లోపలే దాచుకోవలెను.

చాటింపు అయిపోయింది గనక మామూలు భాషలోకి దిగుతున్నాను.

మంగళవారం లారీ వెనక్కి వస్తూ నా బండిని గోడకేసి నొక్కింది. హ్యాండిలు ఎడమకి ఒరిగిపోయి, పక్కింటి మాటలు వింటున్నట్టు తయారైంది. ఇరవై ఏళ్ళ స్నేహం కదా అని దాన్ని బతిమాలుకుంటూ రాజమండ్రి దాకా తెచ్చి నీ షాపు ముందు పెడితే నువ్వేమన్నావు? టీ గ్లాసు కిందపెట్టకుండానే "నాలుగు రోజులాగు బావా" అన్నావు. "పోనీ పానా ఇవ్వు, నేనే విప్పుకుంటాను" అన్నాను. దానికి నువ్వు ఐదుగురు కస్టమర్ల ముందు, "కొమ్మకి కొమ్మ అతికించి రిబ్బను చుట్టడం కాదు బావా, బండి పనికి బుర్ర ఉండాలి" అన్నావు. ఐదుగురూ నవ్వారు. అందులో ఒకడు బ్రేకులు పడటం లేదని ఏడుస్తూ వచ్చినవాడు. వాడూ నవ్వాడు.

నేను పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణే. కానీ ఏడాదికి ఎన్ని వేల అంట్లు కడతానో నాకే తెలియదు. ఈ చేత్తో కట్టిన మామిళ్ళు ఒరిస్సాలో కాస్తున్నాయి. అలాంటి చేతికి నాలుగు బోల్టులు ఒక లెక్కా? మా అమ్మాయి ఫోన్లో వీడియో చూశాను. అందులో ఒక ఆడపిల్ల చూయింగ్ గమ్ నములుతూ మార్చేసింది.

నీ నెంబరు బ్లాక్ చేశాను. నువ్వూ నాది చేశావని తెలిసింది. అందుకే మా వీధి నుంచి రోజూ పూలబుట్టతో వచ్చి నీ షాపు ఎదురుగా కూర్చునే నూకరత్నం చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

ఇట్లు,
బుర్ర లేని
బంగార్రాజు.

తా.క.: ఉత్తరం మడత చెదిరి ఉంటే అది నూకరత్నం పని. చదవడం రాదంటుంది గానీ నవ్వాల్సిన చోట సరిగ్గా నవ్వుతోంది.


రాజమండ్రి,
జూన్ 22.

శ్రీయుత బంగార్రాజు గారికి నమస్కారములండి.

మీ ఉత్తరం చామంతుల వాసనతో అందింది. బిల్లు బుక్కు వెనక రాస్తున్నాను. మీకు ఇంతకన్నా మంచి కాయితం దండగండి.

నాలుగు బోల్టులేనండి, ఒప్పుకుంటున్నాను. అయితే వాటి కింద హ్యాండిలు ఉంటుంది. ఆ హ్యాండిలుకి క్లచ్చి వైరు, బ్రేకు వైరు, ఎక్స్‌లేటర్ వైరు, హారను, వాటితోపాటు మీ ప్రాణం వేలాడుతూ ఉంటాయి. వీడియోలో ఆ పిల్లకి కనీసం చూయింగ్ గమ్ ఉంది. మీకేముందండి?

పోతే ఇంకో సంగతి. పట్టిసీమ అవతల మా పేటలో, గోదారి ఒడ్డున, మా అమ్మ కాపరానికొచ్చిన ఏడు టెంక పాతి పెంచిన మామిడి చెట్టు మీకు తెలుసు కదా. పేరూ ఊరూ లేని పుల్లకాయ. ఆ ముక్క పడకపోతే మా అమ్మ చేపల పులుసుని పులుసు అనదు, వేడినీళ్ళంటుంది. పోయినేడు వరదకి ఒడ్డు కోసుకుపోయి, చెట్టుకి ఆరు మూరల దూరంలో ఆగింది. ఈసారి ఎర్రనీళ్ళొస్తే చెట్టు నిలవదని అక్కడ పడవ నడిపే మా పల్లంరాజు బాబాయి కబురు చేశాడు. ఆ చెట్టు పుల్లలు తెచ్చి మీ చేత అంట్లు కట్టించాలనుకున్నానండి. "బంగార్రాజు బావ ఉన్నాడు, నీ చెట్టు ఎక్కడికీ పోదు" అని మా అమ్మకి మాట కూడా ఇచ్చాను.

ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకున్నాను. మీకు బోల్టులు లెక్క లేనప్పుడు నాకు కొమ్మలు లెక్కేంటండి? ఒక బ్లేడు, ఒక రిబ్బను. నేనే కడతాను. పుల్లలు అతికించడానికి టెంక మొక్కలు పన్నెండు కొన్నాను. మీ కడియంలో కాదు, వేమగిరిలో.

ఇట్లు,
పానా ఇవ్వని
లోకనాథ్.

తా.క.: కొత్త హ్యాండిలు కొనేటప్పుడు పాతది కొట్టువాడికి చూపించండి. పోయినసారి బండికి అద్దం కొనుక్కోమంటే మీరు ఆటో అద్దం తెచ్చారు. అందులో మీరు తప్ప రోడ్డు కనపడలేదు.


కడియం,
జూన్ 27.

ఘనత వహించిన లోకనాథ్ గారికి,

మీరు నన్ను 'అండి' అన్నారు కాబట్టి నేనూ మిమ్మల్ని 'అండి' అంటున్నానండి. ఎవరు ముందు కిందకి దిగుతారో చూద్దామండి.

జయము. మరొక్కసారి జయము. హ్యాండిలు మార్చాను.

పాతది చూపించే కొన్నాను. కొట్టువాడు దానికన్నా జానెడు వెడల్పుది తీశాడు, నాకు నచ్చేసింది. ఇప్పుడు బండెక్కితే దున్నపోతు కొమ్ములు పట్టుకు కూర్చున్నట్టు దర్జాగా ఉంది. క్లాంపు దగ్గర కాస్త కదులుతుంటే తడి కొబ్బరిపీచు కూరి, పైన అంటు రిబ్బను బిగించి చుట్టాను. ఇరవై రోజుల్లో అతుక్కుంటుంది.

ఒక విశేషం ఉంది, లోపం కాదు. ఎడమకి తిప్పితే బండి తనంతట తనే ఉత్సాహపడి పరుగందుకుంటోంది. కుడికి తిప్పితే నీరసపడి ఆగిపోతోంది. అందుకని నేను ఎడమకి మాత్రమే తిరుగుతున్నాను. ఇంట్లోంచి ఎడమకి, ఎడమకి, మళ్ళీ ఎడమకి తిరిగితే నర్సరీ వస్తుంది. ఇంకోసారి తిరిగితే ఇల్లే వస్తుంది. మనిషి ఇంతకన్నా ఎక్కడికి పోవాలండి? ఎడమపక్కనున్న చుట్టాలందరినీ చూసొచ్చాను. కుడిపక్క చుట్టాలు ఎలాగూ మంచినీళ్ళు కూడా ఇవ్వరు.

తిప్పినప్పుడల్లా హారను కూడా మోగుతోంది. మా మలుపులో ఇల్లున్న శ్యామలాంబ టీచరు గారు నిన్న గేటు దగ్గరకొచ్చి, "బడిలో బెల్లు కొట్టాక అరగంటకొచ్చేవాడివి, ఇప్పుడు నీ బెల్లు నువ్వే కొట్టుకుంటూ వస్తున్నావా బంగార్రాజూ?" అన్నారు. మెచ్చుకున్నారనే అనుకుంటున్నాను.

మీరు అంట్లు కడుతున్నారని విని ఆనందించాను. పుల్ల కోయడానికి వారం ముందు చెట్టుకి చేయాల్సిన పని ఒకటుంది. మా నాన్న నాకు చెప్పాడు. నేను మీకు చెప్పను. బుర్ర ఉన్నవారు, మీరే కనిపెట్టుకోండి.

ఇట్లు,
ఎడమవైపు
బంగార్రాజు.

తా.క.: సత్యవాణి అత్తయ్యకి ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నారు సరే, ఆ సంగతి ఆవిడతో చెప్పారా?


రాజమండ్రి,
జూలై 10.

శ్రీయుత బంగార్రాజు గారికి,

పన్నెండూ కట్టానండి. కోసిన చోట తడి ఆరకుండా శుభ్రంగా గ్రీజు రాశాను. మీ రిబ్బను జారుతుంది, నాకు నమ్మకం లేదు. నల్లటేపు చుట్టి, దాని మీద హోసు క్లిప్పు వేసి, స్క్రూడ్రైవరుతో బిగించాను. లోపలికి నీళ్ళు కాదు కదా, గాలి కూడా పోదు.

పదకొండు నల్లబడ్డాయి. సైలెన్సర్ల పక్కన పెడితే తేడా తెలియదు. కానీ పన్నెండోది చిగురేసింది. ఆకుపచ్చగా, రెండాకులతో. మొదటిసారి చేతులు పెట్టినవాడికి ఒకటి దక్కింది. మీ మొదటిసారి లెక్క ఎంతండి?

మా అమ్మ ఆ పదకొండింటినీ ఒక్కొక్కటే చూసింది. ఆ పూట పులుసులో చింతపండు పిండి నా ముందు పెట్టింది. నేను తిన్నాను. ఆవిడ తినలేదు.

అయినా వెనక్కి తగ్గేది లేదు. మళ్ళీ పుల్లలు తెస్తాను, మళ్ళీ కడతాను. మీ నర్సరీ గేటు మాత్రం దాటను.

ఇట్లు,
ఒకటి బతికించిన
లోకనాథ్.

తా.క.: ఎక్స్‌లేటర్ వైరుని మీరు హ్యాండిలు వెనక నుంచి లాగేసి ఉంటారు. ముందు నుంచి వదులుగా తిప్పి, రెండు పక్కలకీ పూర్తిగా తిప్పి చూసుకున్నాకే బిగించాలి. ఇది మీ కోసం చెప్పడం లేదు. రోడ్డు మీద నడిచే జనం ఏం పాపం చేశారని చెబుతున్నాను.


కడియం,
జూలై 12.

ఒక మొక్క లోకనాథ్ గారికి,

మీ తా.క. నేను చదవలేదండి. నాకే అనిపించి వైరు ముందు నుంచి తిప్పాను. ఇప్పుడు కుడికి తిప్పితే పరిగెడుతోంది. కుడిపక్క చుట్టాలు నన్ను చూసి కంగారుపడ్డారు. ఏళ్ళ తర్వాత కనపడ్డాను కదా, అప్పు అడగడానికే వచ్చాననుకున్నారు.

గ్రీజు సంగతి మా నర్సరీలో చదివి వినిపించాను. అంట్లు కట్టే ఆడవాళ్ళు ఆ రోజు పని మానేశారు. నవ్వుకి చేతులు ఆడలేదట.

మీ చిగురు గురించి ఒక్క ప్రశ్న. అది టేపుకి పైన వచ్చిందా, కింద వచ్చిందా? పైన వస్తే అది మీ అమ్మగారి చెట్టు. కింద వస్తే వేమగిరి టెంక తన సొంత కొమ్మ తను వేసుకుందన్నమాట. దానికి మీరు దండం పెట్టినా అది పుల్లకాయ కాయదు. కిందకి వంగి చూసి రాయండి.

ఒడ్డు ఇప్పుడు చెట్టుకి ఎన్ని మూరలుంది? ఊరికే అడుగుతున్నానండి. వార్తల మీద ఆసక్తి.

ఇట్లు,
ఇరువైపులా
బంగార్రాజు.

తా.క.: అత్తయ్య ఇప్పుడైనా తిన్నారా?


రాజమండ్రి,
జూలై 20.

బంగార్రాజూ,

నీకు గారు లేదు, అండి లేదు.

పొద్దున్నే పల్లంరాజు బాబాయి ఫోన్ చేశాడు. మూడు రోజుల కిందట హెల్మెట్ పెట్టుకున్న మనిషొకడు వచ్చి, మా చెట్టెక్కి, లేత కొమ్మల చివర ఆకులన్నీ కత్తిరించేసి పోయాడట. ఆకులు కోసి కాడలు మాత్రం వదిలేశాడట. మేకలు కూడా అలా తినవు. "ఎవరయ్యా నువ్వు?" అని అరిస్తే, "చుట్టాన్ని" అని బండెక్కి పోయాడట. బండి హ్యాండిలు వంకరగా ఉందట. కొత్త హ్యాండిలు వేశానని జయము జయము అన్నావే, దాన్ని కూడా వంకరగానే బిగించావన్నమాట. ఈ గోదారికి రెండు పక్కలా అలాంటి పనివాడివి నువ్వొక్కడివే.

ఐదుగురి ముందు నవ్వులపాలు చేశాను కాబట్టి నామీద కోపం ఉంటుంది, ఉండనీ. నా షాపు షట్టరు మీద బూతులు రాయి. నా బండి గాలి తీసెయ్. ఆ చెట్టు నిన్నేం చేసింది? ఇవాళో రేపో ఏట్లో పడిపోయే చెట్టు. పోయేముందు దాని ఒంటిమీద ఆకు కూడా ఉండకూడదా?

మా అమ్మకి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో నువ్వే చెప్పు. "బంగార్రాజు బావ ఉన్నాడు" అని చెప్పినవాణ్ణి నేనే కదా.

లోకనాథ్.

తా.క.: ఒడ్డు రెండు మూరలుంది. చిగురు టేపు కిందే వచ్చింది. అడిగావు కాబట్టి రాశాను.


కడియం,
జూలై 21.

లోకనాథ్ గారికి,

మీరే ముందు కిందకి దిగారు. నేను గెలిచానండి.

ఆకులు కోసింది నేనే. కాడలు వదిలింది కూడా నేనే. చెట్టెక్కినప్పుడు మోకాలు చెక్కుకుపోయింది, అది కూడా నాదే. పోలీసులకి చెబుతారా, చెప్పుకోండి. కడియం వచ్చి ఎవర్నడిగినా నా ఇల్లు చూపిస్తారు. మళ్ళీ వెళతారా అని అడిగితే మళ్ళీ వెళతానండి. వచ్చే శుక్రవారం వెళతాను. ఈసారి కొమ్మలే కోస్తాను. పల్లంరాజు గారిని అడ్డం పడుకోమనండి.

ఎందుకు చేశానో మాత్రం చెప్పను. నాది బుర్ర అక్కర్లేని పని కదా. బుర్ర అక్కర్లేని పనికి సంజాయిషీ ఏముంటుంది?

అత్తయ్యకి ఏమీ చెప్పకండి. ఈ ఒక్కటి మాత్రం వెటకారం కాదు.

ఇట్లు,
దొంగ
బంగార్రాజు.

తా.క.: ఈ ఉత్తరం ఇచ్చేటప్పుడు నూకరత్నం మీ మొహం చూడకపోతే ఆవిడ మీద కోప్పడకండి. మీ వంక చూడొద్దని నేనే చెప్పాను. చూస్తే ఆవిడ కడుపులో మాట నిలవదు.


రాజమండ్రి,
ఆగస్టు 3.

బంగార్రాజుకి,

చెట్టు పోయింది. నిన్న పొద్దున ఎనిమిదింటికి. ఒడ్డుతోపాటు కదిలి, వెంటనే పడకుండా, ఎర్రనీళ్ళలో కాసేపు నిలబడినట్టే వెళ్ళిందట. పల్లంరాజు బాబాయి ఒడ్డు వెంట కొంతదూరం నడిచాడట. ఎందుకు నడిచాడో ఆయనకే తెలియదట.

అమ్మకి చెప్పాను. "సరేలేరా" అంది.

ఇక మనం పోట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. బండి జాగ్రత్తగా తోలుకో.

లోకనాథ్.

తా.క.: ఏమీ లేదు.


కడియం,
ఆగస్టు 25.

ఒరేయ్ లోకనాథ్ బావా,

ఈ ఉత్తరం చదివే ముందు షాపు బయటకొచ్చి నూకరత్నం వచ్చిన ఆటోలోకి చూడు. పూలబుట్టలు పక్కకి జరిపి చూడు. చూశావా? లెక్కపెట్టకు, నేనే చెబుతాను. ఇరవై కట్టాను, పదిహేడు బతికాయి. చిగురు రిబ్బనుకి పైనే వచ్చింది. పదిహేడింటికీ. వంగి చూసుకో. ఆ రాగిరంగు ఆకు నలిపి అత్తయ్య ముక్కు దగ్గర పెట్టు. ఆవిడ చెబుతుంది ఎవరి చెట్టో.

పుల్ల కోయడానికి వారం ముందు దాని ఆకులు తీసేసి కాడలు వదిలేయాలిరా. అప్పుడు చెట్టు కంగారుపడి బలమంతా ఆ కొమ్మ చివర మొగ్గలోకి తోస్తుంది. కాడలు వాటంతటవే రాలినప్పుడు పుల్ల సిద్ధమైందన్నమాట. నీకు చెప్పనన్నానే, ఆ పని ఇదే. శుక్రవారం వెళ్ళి కోశాను. పల్లంరాజు గారు అడ్డం పడుకోలేదు. సంగతి చెబితే నిచ్చెన పట్టుకున్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను. ముసలాయన నాకన్నా బాగా నటిస్తాడు.

ముందే ఎందుకు చెప్పలేదంటావేమో. అంటు కట్టినరోజు నుంచి చిగురు కనపడేదాకా అది బతికిందో లేదో దేవుడికి కూడా తెలియదు. నీ పదకొండు నల్లపుల్లలు చూసిన మనిషికి ఇంకోసారి ఆశ పెట్టి, అవి కూడా నల్లబడితే? అత్తయ్య మొహం నేను చూడలేను. నువ్వు తిట్టిన తిట్లంటావా, అవి పడ్డాను. మేకలు కూడా నాకన్నా నయమన్నావు. ఇరవై రోజులు ఆ మొక్కల పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని నిన్ను నేను తిట్టిన తిట్లు నీకు తెలియవు కాబట్టి సరిపోయింది.

నాలుగేళ్ళకి కాపుకొస్తాయి. అప్పటిదాకా చింతపండుతో సర్దుకోమను. మొదటి కాయ పులుసులో నాకు వాటా ఉంది. ముక్కే, రసం కాదు.

ఆటోలో ఉన్నవాటిలో ఒకటి మీ పేటలో ఒడ్డుకి దూరంగా, ఎత్తు మీద నాటించు. రెండు నేను ఉంచుకున్నాను, తల్లిమొక్కలుగా. ఒకటి నూకరత్నానికిచ్చాను, మిగతా పద్నాలుగూ ఆటోలో ఉన్నాయి.  ఆవిడ వాళ్ళ పెరట్లో ఒకటి వేసుకుంటానని అడిగింది. నేను కాదనలేదు.

ఇట్లు,
కొమ్మకి కొమ్మ అతికించి రిబ్బను చుట్టేవాడు,
నీ బావ
బంగార్రాజు.

తా.క.: మొక్కల దగ్గరకి గ్రీజు డబ్బా రానివ్వకు. హోసు క్లిప్పు అసలే రానివ్వకు.

ఇంకో తా.క.: పల్లంరాజు బాబాయి చూసిన వంకర హ్యాండిలు గురించి. అది నేను వంకరగా బిగించిన కొత్తది కాదు, లారీ వంచిన పాతదే. నేను హ్యాండిలు మార్చలేదు బావా. మొదటి బోల్టు దగ్గరే పానా జారి దాని తల గుండ్రమైపోయింది. రెండో బోల్టుని నేను చూశాను, అది నన్ను చూసింది. అక్కడితో ఆపేశాను. చాటింపు వేసేశాను కదా, వెనక్కి తీసుకోవడానికి నేనేం నువ్వా? ఎడమకి పరుగు, కుడికి నీరసం, కొబ్బరిపీచు, అన్నీ కూర్చుని రాసినవే. వీడియో కింద ఎవడో తన బాధ చెప్పుకుంటే అందులోంచి లాగాను. శ్యామలాంబ టీచరు గారు కూడా ఏమీ అనలేదు. పదో తరగతి తర్వాత ఆవిడ నాతో మాట్లాడనే లేదు. కొత్త హ్యాండిలు మా బీరపాదుకి ఆసరాగా ఉంది. తీగ ఎడమకీ కుడికీ రెండు పక్కలా పాకుతోంది, ఏ ఇబ్బందీ లేదు. నూకరత్నానికి మొదటి నుంచీ తెలుసు. ఆవిడ నోటికి తాళం వేయడానికి రెండు కుండీల కనకాంబరాలయ్యాయి.

బండి తీసుకుని ఆటో వెనకే వస్తున్నాను. పానా తీసి ఉంచు. ఆ బోల్టు తల ఎవడు గుండ్రం చేశాడని ఐదుగురి ముందు అడిగావంటే మాత్రం, లారీయే చేసిందంటాను.